ఒక్క కెమెరాతో లొకేషన్ చిత్రీకరణ: కొత్త దర్శకులకు సమగ్ర మార్గదర్శి

ఒక్క కెమెరాతో తీసిన సన్నివేశంలో ప్రేక్షకుడికి ఒకేసారి జరిగినట్టు కనిపించే పని, లొకేషన్‌లో నాలుగైదు సార్లు జరిగి ఉంటుంది. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ఒక ఇంటి వసారాలో కూర్చుని ఒకావిడ చెక్క గరిటెను ఆకురాయితో రుద్దుతున్న దృశ్యాన్నే తీసుకుందాం. తెర మీద ముందు వసారా మొత్తం కనిపిస్తుంది, తరువాత ఆవిడ చేతులు, ఆ తరువాత ముఖం, చివరకు నునుపు తేలుతున్న గరిటె అంచు. మొత్తం నిడివి అర నిమిషం మించదు. ఆ అర నిమిషం కోసం కెమెరా నాలుగు చోట్లకు మారుతుంది, రెండు గంటలు గడుస్తాయి. ఈ లోగా ఎండ జరుగుతుంది, ఆవిడ ఒడిలో చెక్కపొట్టు పెరుగుతుంది, వీధిలో ఆగి ఉన్న ఆటో వెళ్లిపోతుంది. వీటిలో ఏదీ చూసేవారి కంటికి అడ్డు తగలకుండా, రెండు గంటల పనిని అర నిమిషపు అఖండమైన కాలంగా నిలబెట్టడమే ఈ పద్ధతిలో దర్శకత్వం.

టీవీ స్టూడియోలో మూడు నాలుగు కెమెరాలు ఒకేసారి నడుస్తుంటాయి కనుక, ఎప్పుడు ఏ కెమెరాకు మారాలో దర్శకుడు మానిటర్ల ముందు కూర్చుని అప్పటికప్పుడు నిర్ణయించగలడు. ఒక్క కెమెరా ఉన్నచోట ఆ నిర్ణయం చిత్రీకరణకు ముందే జరిగిపోవాలి. అంటే ఎడిటింగ్ టేబుల్ మీద షాట్లు ఏ వరుసలో కూర్చుంటాయో లొకేషన్‌కు బయలుదేరే నాటికే మనసులో ఒక రూపం ఏర్పడి ఉండాలి. ఈ షాట్ దేని తరువాత వస్తుంది, దేనికి దారి ఇస్తుంది అనే ప్రశ్నకు జవాబు లేకుండా కెమెరా ఆన్ చేయకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం. కింద వివరించిన ప్రతి దశా ఆ జవాబును సిద్ధం చేసుకోవడం కోసమే.

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో కెమెరా పట్టినవారిలో చాలామంది పెళ్లి వీడియోలతో మొదలుపెట్టినవారే. ఆ పని చేతికి వేగాన్నీ, జనం మధ్య చోటు సంపాదించుకునే నేర్పునూ ఇస్తుంది. తాళి కట్టే క్షణం రెండోసారి రాదు కాబట్టి కన్ను ఎప్పుడూ మెలకువగా ఉంటుంది. అయితే అక్కడ పడిన రెండు అలవాట్లను ఇక్కడ వదులుకోవాలి. మొదటిది, రికార్డింగ్ ఆపకుండా కెమెరాను ఒకరి మీద నుంచి మరొకరి మీదికి తిప్పుకుంటూ పోవడం. రెండోది, దగ్గరగా చూపించాలనిపించిన ప్రతిసారీ నిలబడిన చోటు నుంచే జూమ్ చేయడం. ఈ రెండింటి వల్లా ఎడిటింగ్‌లో కట్ చేయడానికి చోటు దొరకదు. దగ్గరగా చూపించాలంటే రికార్డింగ్ ఆపి, కెమెరాను తీసుకుని దగ్గరికి వెళ్లాలి.

మొదటి దశ: ఒక పనిని ఐదు షాట్లుగా చూడటం

దీనికి ఫోన్ చాలు, ఇల్లు చాలు. పూలు కట్టడం, దోసె పోయడం, సైకిల్‌కు పంక్చర్ వేయడం వంటి, మొదలూ చివరా స్పష్టంగా ఉన్న పని ఒకటి ఎంచుకోవాలి. దానిని ఐదు షాట్లలో తీయాలి: పని చేస్తున్న చేతులు దగ్గరగా, ఆ మనిషి ముఖం దగ్గరగా, మనిషీ పనీ చోటూ కలిసి కనిపించే వైడ్ షాట్, భుజం మీదుగా ఆ మనిషికి కనిపించేది, చివరగా మీకు నచ్చిన మరో కోణం. ప్రతి షాట్‌నూ కెమెరా కదలకుండా కనీసం పది సెకన్లు పట్టాలి. తరువాత వాటిని ఒక వరుసలో పేర్చి చూసుకోవాలి.

ఈ సాధనలో తప్పులు వెంటనే బయటపడతాయి. వైడ్ షాట్‌లో మూర సగం కట్టి ఉంటే, చేతుల షాట్‌లో అప్పుడే మొదలైనట్టు కనిపిస్తుంది. ముఖం ఒకవైపు చూస్తుంటే చేతులు మరోవైపు ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ తేడాలను సరిదిద్దుతూ అదే పనిని మళ్లీ మళ్లీ తీసినప్పుడే రెండు విషయాలు అనుభవంలోకి వస్తాయి. చెయ్యి కదులుతున్న మధ్యలో ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారితే ఆ మార్పు కంటికి తెలియదు, చెయ్యి ఆగిన తరువాత మారితే తెలుస్తుంది. అలాగే ఒకే విషయాన్ని రెండు వరుస షాట్లలో చూపించేటప్పుడు కెమెరా కనీసం 30 డిగ్రీలు పక్కకు జరగకుండా, ఫ్రేము పరిమాణం కూడా గట్టిగా మారకుండా ఉంటే, బొమ్మ ఉన్నచోటే ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది. ఐదు షాట్లు అతుకు తెలియకుండా ఒకదానిలోకి ఒకటి ఒదిగేంతవరకు రెండో దశకు వెళ్లనవసరం లేదు.

రెండో దశ: కాగితం మీద షాట్లు

స్క్రిప్టు పూర్తయ్యాక ప్రతి సన్నివేశానికీ షాట్ల జాబితా, ఒక నేల పటం తయారు చేసుకోవాలి. నేల పటం అంటే పై నుంచి చూసినట్టుగా గీసిన బొమ్మ. వసారా ఎక్కడ, మనిషి ఎటు తిరిగి కూర్చుంటారు, వాకిలి ఎటు, తూర్పు ఎటు, కెమెరా ఏయే చోట్ల నిలబడుతుంది అన్నవి అందులో ఉండాలి. బొమ్మ అందంగా ఉండనక్కర్లేదు, దిక్కులు మాత్రం తప్పకూడదు.

ఉదయగిరి సన్నివేశానికి జాబితా ఇలా ఉండవచ్చు. ఒకటి, వీధి వైపు నుంచి వసారా వైడ్. రెండు, అదే వైపు నుంచి నడుము పైకి కనిపించే మిడ్ షాట్. మూడు, ఉలితో గరిటె గుంట తొలుస్తున్న చేతులు. నాలుగు, ముఖం. ఐదు, ఆకురాయి గరిటె అంచు మీద నడుస్తున్న అతి దగ్గరి షాట్. ఆరు, పక్కన పేర్చిన గరిటెలు. ఏడు, గోడకు ఆనించిన బాడిస, రంపం. చివరి రెండూ సన్నివేశం నడవడానికి అవసరం లేనట్టు కనిపిస్తాయి, అయినా వాటిని ఎప్పుడూ మానకూడదు. ఎక్కడైనా రెండు షాట్లు కలవకపోతే వాటి మధ్య పెట్టడానికి ఇలాంటి షాట్లే ఆదుకుంటాయి. వీటిని కట్‌అవే అంటారు. సన్నివేశానికి రెండు మూడు కట్‌అవేలు చేతిలో లేకుండా ఆ చోటు విడిచి రాకపోవడం మంచిది.

ప్రతి షాట్ పక్కనా మూడు గుర్తులు రాసుకోవాలి. ఆ షాట్‌లో ఎవరు, ఏ వస్తువు ఉండాలి, ఏ వేళ వెలుతురు కావాలి, అది లేకపోతే సన్నివేశం నిలుస్తుందా. సమయం తరిగిపోతున్నప్పుడు ఏది వదులుకోవాలో మూడో గుర్తు చెబుతుంది. కొత్తవారు రోజుకు పది పన్నెండు కెమెరా స్థానాలకు మించి పెట్టుకోకపోతే పని కుదురుగా సాగుతుంది.

మూడో దశ: లొకేషన్‌ను ముందే చూసి రావడం

చిత్రీకరణ జరిగే వేళకే వెళ్లి చూడాలి. ఉదయం ఏడింటికి తీయవలసిన చోటును సాయంత్రం నాలుగింటికి చూసి వస్తే ఉపయోగం చాలా తక్కువ.

మొదట చూడవలసింది ఎండ. నెల్లూరు తీరం తూర్పు ముఖం కనుక మైపాడులో గానీ, ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో గానీ సూర్యుడు సముద్రం మీద ఉదయిస్తాడు, భూమి వైపు అస్తమిస్తాడు. సముద్రాన్ని వెనుక పెట్టుకుని ఉదయం మనిషిని తీస్తే ముఖం చీకటవుతుంది, సాయంత్రం తీస్తే ముఖం మీద వెలుతురు పడుతుంది. సన్నివేశం ఏ వేళది అన్న నిర్ణయం ఇక్కడే జరిగిపోతుంది. ఏప్రిల్ చివరా, ఆగస్టు మధ్యా నెల్లూరులో సూర్యుడు మధ్యాహ్నం దాదాపు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు కనుబొమల కింద కళ్లు నల్లటి గుంటల్లా కనిపిస్తాయి. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలే ఉంటాడు, కాబట్టి దక్షిణం వైపు వసారాలో రోజంతా ఎండ కదులుతూ ఉంటుంది, ఉత్తరం వైపు వసారాలో వెలుతురు గంటలకొద్దీ మెత్తగా, ఒకే తీరుగా నిలుస్తుంది. ఆ కాలంలో ఒక్క కెమెరాతో పనిచేసేవారికి ఉత్తరపు వసారా వంటి సహాయం మరొకటి లేదు. ఉదయం తొమ్మిదికి తీసిన షాట్, పదకొండుకు తీసిన షాట్ పక్కపక్కన కూర్చున్నా తేడా తెలియదు.

రెండోది కాలం. నెల్లూరు, ఒంగోలు తీరానికి ఈశాన్య రుతుపవనాల వానే ప్రధానం కనుక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరం వెంబడి ఆరుబయలు చిత్రీకరణ పెట్టుకుంటే ప్రత్యామ్నాయంగా కప్పు కింద తీయగల సన్నివేశం ఒకటి సిద్ధంగా ఉండాలి. సముద్రపు వేట చూపించాలనుకునేవారు, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుందని గుర్తుంచుకోవాలి. ఆ రెండు నెలల్లో ఒడ్డున పడవలు, వలలు బాగుచేసే పని దొరుకుతుంది గానీ వేట దొరకదు. కందుకూరు, కనిగిరి వైపు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లు వాటి కాలంలోనే వెలుగుతాయి కనుక రైతును అడిగి తేదీ ఖాయం చేసుకోవాలి.

మూడోది శబ్దం. కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు నిలబడి వినాలి. బస్సుల హారన్లు, రంపపు మిల్లు, పక్కింటి మోటారు, గుడి మైకు ఏయే వేళల్లో వినిపిస్తాయో అక్కడివారిని అడగాలి. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుళ్లలో పాటలు మోగుతాయి. అజాన్ వేళలు ముందే తెలుసుకుని ఆ సమయానికి విరామం పెట్టుకోవచ్చు. నేపథ్యంలో పాట వినిపిస్తుండగా తీసిన షాట్ ఒక్క కెమెరా పద్ధతికి అసలు పనికిరాదని గట్టిగా చెప్పాలి, ఎందుకంటే షాట్ మారిన ప్రతిచోటా పాట తెగి మరో చరణంలోకి దూకుతుంది, బొమ్మ ఎంత చక్కగా అతికినా చెవి ఒప్పుకోదు.

అనుమతుల విషయం తేలికగా తీసుకోకూడదు. గుళ్లలో దేవాదాయ శాఖ కార్యనిర్వహణాధికారిని, రక్షిత కట్టడాల వద్ద పురావస్తు శాఖను, అడవుల్లోనూ పక్షుల కేంద్రాల్లోనూ అటవీ శాఖను, రైల్వే స్థలాల్లో రైల్వే అధికారులను రాతపూర్వకంగా అడగాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, మార్కాపురం పలకల గనులు యజమాని అనుమతితో పాటు భద్రతా నియమాలు కూడా ఉన్న చోట్లు. పేలుళ్ల వేళలు తెలుసుకోకుండా అడుగు పెట్టకూడదు. డ్రోన్ వాడేవారు 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం తాము ఎగరేయబోయే చోటు ఏ జోన్‌లో ఉందో గగనతల పటంలో చూసుకోవాలి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం వంటి చోట్ల చుట్టూ ఉండే రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా చిన్న డ్రోన్‌ను కూడా ఎగరేయడానికి వీలులేదు.

నాలుగో దశ: మనుషులు, సామగ్రి

నలుగురితో మంచి చిత్రీకరణ సాగుతుంది. దర్శకుడు, కెమెరామన్, శబ్దం చూసేవారు, వివరాలు రాసుకునే సహాయకుడు. ఈ నాలుగో మనిషిని ఖర్చు తగ్గించడానికి మానేస్తుంటారు, అది సరికాదు. షాట్ల మధ్య పొంతన కాపాడేది ఆ సహాయకుడే. దర్శకుడే కెమెరా కూడా పట్టుకునే పరిస్థితి ఉంటే, ఆ సహాయకుడి అవసరం మరింత పెరుగుతుంది.

సామగ్రిలో ఖరీదైన కెమెరా కంటే ముందు ట్రైపాడ్, హెడ్‌ఫోన్లు, సరిపడా బ్యాటరీలు ఉండాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తే 64 జీబీ కార్డులో సుమారు 80 నిమిషాలు పడుతుంది, దాన్ని బట్టి కార్డులు లెక్కేసుకోవచ్చు. వెలుతురు కోసం నాలుగు అడుగుల థర్మోకోల్ షీట్ ఒకటి, నల్ల గుడ్డ ఒకటి తీసుకెళ్లాలి. థర్మోకోల్ నీడ వైపు చెంపకు వెలుతురు తిప్పుతుంది, నల్ల గుడ్డ ఎక్కువైన వెలుతురును తగ్గిస్తుంది. వేసవిలో కెమెరాకు గొడుగు తప్పనిసరి. ఏసీ కారులో నుంచి తీరపు గాలిలోకి తీసిన లెన్స్ మీద ఆవిరి పడుతుంది కనుక పావుగంట ముందే సంచిని బయట పెట్టి ఉంచాలి, ఉప్పు గాలిలో పని ముగిసిన రోజే లెన్స్, ట్రైపాడ్ కాళ్లు తుడవాలి.

ఐదో దశ: కెమెరాలో మారకూడనివి

సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం సెకనులో యాభయ్యో వంతు (1/50). మన దేశపు విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ రెపరెపలాడకుండా ఈ జత కాపాడుతుంది. ఎండలో షట్టర్ వేగం పెంచకుండా, లెన్స్ ముందు పెట్టే బూడిదరంగు ఎన్.డి. ఫిల్టర్‌తో వెలుతురు తగ్గించుకోవాలి. వెలుతురుకు తగ్గట్టు రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకూడదు, పగటి వెలుతురుకు 5600 కెల్విన్ దగ్గర నిలిపి సన్నివేశం పూర్తయ్యేవరకు ముట్టుకోకూడదు. ఆటోలో ఉంటే వైడ్‌లో పసుపుగా ఉన్న గోడ క్లోజప్‌లో నీలంగా మారుతుంది. ఫోన్‌తో తీసేవారు ఫోకస్‌నూ ఎక్స్‌పోజర్‌నూ లాక్ చేయాలి. ఇంతకు మించి సాంకేతిక వివరాలు కెమెరామన్‌కు వదిలేయవచ్చు. సన్నివేశం మధ్యలో ఏదీ మారలేదని ప్రతి షాట్‌కు ముందు అడిగి తెలుసుకోవడం మాత్రం దర్శకుడి బాధ్యత.

ఆరో దశ: చిత్రీకరణ రోజు

లొకేషన్‌కు చేరగానే కెమెరా తీయకూడదు. ముందు పనిని ఒకసారి మొదటి నుంచి చివరి వరకు చేయించి చూడాలి. ఎక్కడ కూర్చుంటారు, ఏ చేత్తో ఉలి పట్టుకుంటారు, ఎప్పుడు తలెత్తి వీధి వైపు చూస్తారు అన్నవి అప్పుడే తెలుస్తాయి. కాగితం మీది జాబితాను అప్పుడు సరిచూసుకోవాలి, అవసరమైతే మార్చుకోవాలి.

తరువాత గీత ఎక్కడుందో నిర్ణయించాలి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వారి మధ్య, ఒక్కరే పని చేస్తుంటే వారికీ చేతిలోని పనికీ మధ్య, నేల మీద ఒక గీత గీసినట్టు ఊహించుకోవాలి. కెమెరా సన్నివేశమంతా ఆ గీతకు ఒకే పక్కన, అంటే 180 డిగ్రీల లోపల ఉండాలి. మన సన్నివేశంలోకి గరిటెలు కొనే వ్యాపారి ఒకాయన వచ్చాడనుకుందాం. ఆవిడ ఎడమ పక్కన కూర్చుని కుడివైపు చూస్తుంటే, ఆయన కుడి పక్కన కూర్చుని ఎడమవైపు చూస్తుంటాడు. కెమెరా వసారా లోపలికి వెళ్లి గీత దాటితే, తరువాతి షాట్‌లో ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనిపించి, బేరమాడుతున్నవాళ్లు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకుండా పోతుంది. లోపలికి వెళ్లక తప్పకపోతే, మధ్యలో గరిటె దగ్గరి షాట్ ఒకటి పెట్టి కంటిని కొత్త దిక్కుకు అలవాటు చేయాలి.

షాట్లు తీసే వరుస కథ వరుస కానక్కర్లేదు. ముందు సన్నివేశం మొత్తాన్ని వైడ్‌లో, మధ్యలో ఆపకుండా, మాస్టర్‌గా తీయాలి. ఆ మాస్టర్‌లో జరిగిందే మిగతా షాట్లకు కొలమానం. ఆ తరువాత కెమెరా అదే దిక్కుకు చూసే షాట్లన్నీ పూర్తి చేసి, అప్పుడే రెండో దిక్కుకు తిరగాలి. ఆవిడ వైపు మిడ్, క్లోజప్ అయిపోయాకే వ్యాపారి వైపు తిరగాలన్నమాట. అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగితే థర్మోకోల్, మైకు, స్టాండ్లు అన్నీ నాలుగుసార్లు కదులుతాయి, పూట గడిచిపోతుంది. వైడ్ షాట్లు వెలుతురు అందంగా ఉన్న తొలి గంటలోనే అయిపోవాలి. క్లోజప్‌లో కనిపించే చోటు చిన్నది కనుక ఎండ ముదిరాక కూడా గుడ్డ కట్టి, థర్మోకోల్ పెట్టి ఉదయపు వెలుతురును నిలబెట్టవచ్చు.

ఇక పొంతన. చెక్కపని తీసేటప్పుడు ఇది ఎంత కఠినమో ఒక్క పూటలో అర్థమవుతుంది, ఎందుకంటే తొలిచిన చెక్క మళ్లీ నిండదు. వైడ్‌లో గుంట తొలవడం మొదలుపెట్టి, క్లోజప్ పెట్టేసరికి గుంట పూర్తయిపోయి ఉంటుంది. అందుకని ముందు రోజే ఆవిడతో మాట్లాడి, ఒకే రకం చెక్కతో, ఒకే కొలతలో నాలుగు దశల గరిటెలు సిద్ధంగా ఉంచమని అడగాలి: బాడిసతో ముతకగా చెక్కినవి కొన్ని, గుంట సగం తొలిచినవి కొన్ని, ఆకురాయి పట్టవలసినవి కొన్ని, గరుకు కాగితంతో నునుపు తేలినవి కొన్ని. అప్పుడు ఏ షాట్‌ను ఎన్నిసార్లయినా అదే దశ నుంచి మొదలుపెట్టవచ్చు. ఒడిలోని పొట్టు కూడా లెక్కే. ఆకురాయి నుంచి రాలే పిండి లాంటి పొట్టు, ఉలి నుంచి లేచే చుట్టలు వేరువేరుగా ఉంటాయి. గుంట తొలుస్తున్న షాట్‌లో ఒడి నిండా పిండి ఉంటే కన్ను గుర్తిస్తుంది. సహాయకుడు ప్రతి షాట్ మొదట్లోనూ చివరా ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే, చీర చెంగు ఎటు ఉంది, గాజులు ఏ చేతికి ఎన్ని, పక్కన గ్లాసులో టీ ఎంత ఉంది అన్న వాదన రాదు.

ప్రతి టేక్‌కూ ఒకే క్రమం పాటించాలి. సౌండ్ అడగాలి, నడుస్తోందని జవాబు రావాలి. కెమెరా అడగాలి, జవాబు రావాలి. సహాయకుడు సీన్, షాట్, టేక్ సంఖ్యలు పలికి క్లాప్ కొట్టాలి. ఐదు సెకన్లు ఆగి యాక్షన్ చెప్పాలి. పని అయిపోయాక వెంటనే కట్ చెప్పకుండా మళ్లీ ఐదు సెకన్లు ఆగాలి. ఈ చివరి ఐదు సెకన్లలో ఆవిడ గరిటెను వెలుతురుకు ఎత్తి చూసుకోవచ్చు, పెదవి బిగించవచ్చు, నిట్టూర్చవచ్చు. ఎడిటింగ్‌లో ఎక్కువగా ఉపయోగపడేవి ఇవే. మనిషి ఫ్రేములోకి వచ్చే షాట్‌ను ఖాళీ ఫ్రేముతో మొదలుపెట్టి, వెళ్లే షాట్‌ను పూర్తిగా వెళ్లిపోయాకే ఆపాలి. ఎడమ నుంచి వెళ్లిన మనిషి తరువాతి షాట్‌లో కుడి నుంచి రావాలన్నది కూడా గుర్తుంచుకోవాలి.

టేక్ బాగుందా లేదా అన్నది దర్శకుడు అక్కడికక్కడే చెప్పాలి. మళ్లీ చేయించేటప్పుడు కారణం చెప్పకుండా “వన్ మోర్” అనడం మర్యాద కాదు, దానివల్ల పని మెరుగుపడదు కూడా.

ఏడో దశ: కెమెరా ముందున్నవారితో వ్యవహారం

సహజంగా ఉండమని చెబితే ఎవరూ సహజంగా ఉండలేరు. చేయడానికి ఒక పని ఇస్తే ఉంటారు. “అమ్మా, ఆ అంచు ఇంకా గరుగ్గా ఉందేమో వేలితో ఒకసారి చూసి, ఉంటే అట్నే ఇంకొంచెం రుద్దండి” అని అడిగితే ఆవిడ దృష్టి కెమెరా మీద నుంచి గరిటె మీదికి వెళ్తుంది, ముఖంలో ఏళ్ల నాటి నేర్పు కనిపిస్తుంది. సంతోషంగా చూడండి, బాధగా చూడండి అని చెప్పి ఆ ముఖాన్ని తెప్పించలేము.

రంగస్థలం నుంచి వచ్చిన నటులు చివరి వరుసకు వినిపించేలా పలకడానికి అలవాటుపడి ఉంటారు. వారి వాచకం గొప్ప ఆస్తి, దాన్ని తగ్గించమని చెప్పకుండా ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో గుర్తుచేస్తే గొంతు తనంతట తనే దిగుతుంది. క్లోజప్‌లో వారి ఎదుటి నటుడు కెమెరా పక్కనే నిలబడి తన మాటలు తాను పలకాలి. ఆ స్థానంలో సహాయకుడు కాగితం చూసి చదివితే కళ్లలో జీవం ఉండదు.

ఇంటర్వ్యూ తీసేటప్పుడు ప్రశ్న వేసేవారు లెన్స్‌కు ఆనుకుని, మాట్లాడేవారి కళ్ల ఎత్తులో కూర్చోవాలి. మీ ప్రశ్న తుది వీడియోలో ఉండదు కనుక, జవాబులో ప్రశ్న కూడా కలిసి వచ్చేలా చెప్పమని ముందే కోరాలి. “ఎన్నేళ్ల నుంచి?” అంటే “ఇరవై ఏళ్లు” అనే రెండు మాటలే వస్తాయి. “ఈ పని మీకు ఎట్లా అబ్బిందో చెప్పండమ్మా” అంటే కథ వస్తుంది. జవాబు ముగిశాక రెండు మూడు సెకన్లు మౌనంగా ఉంటే, చాలాసార్లు అసలైన మాట అప్పుడే వస్తుంది.

మన చిత్రీకరణ వల్ల వారి పూట పని ఆగిపోతుంది. ఆ పూట కూలిని ముందే మాట్లాడి ఇవ్వాలి. తెలుగులో రాసిన సమ్మతి పత్రాన్ని చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ఈ రెండింటినీ అప్రధానమైన లాంఛనాలుగా చూసే ధోరణి నాకు ఏ మాత్రం సమ్మతం కాదు.

ఎనిమిదో దశ: శబ్దం

శబ్దం చూసేవారు హెడ్‌ఫోన్లు తీయకుండా టేక్ మొత్తం వినాలి. కాలర్ మైకు మాటకు మంచిది, ఆకురాయి గరగరకు, ఉలి మీద పడే దెబ్బకు విడిగా మైకు దగ్గర పెట్టి, బొమ్మతో పనిలేకుండా రెండు మూడు నిమిషాలు రికార్డు చేసుకోవాలి. సముద్రపు గాలిలో స్పాంజి తొడుగు చాలదు, బొచ్చు తొడుగు కావాలి. గదిలో ఫ్యాన్, ఫ్రిజ్ ఆపాలి. ఆపిన ఫ్రిజ్‌ను తిరిగి వేయడం మరిచిపోకుండా కారు తాళం దాని లోపల పెట్టడం మంచి పద్ధతి. ప్రతి చోటా అందరూ కదలకుండా నిలబడగా, ఎవరూ మాట్లాడని ఆ చోటి నిశ్శబ్దాన్ని ముప్పై సెకన్లు రికార్డు చేయాలి. షాట్ల మధ్య శబ్దం తెగకుండా కలిపేది ఆ ముప్పై సెకన్లే.

తొమ్మిదో దశ: మళ్లీ చేయించలేని పనులు

ఒడ్డుకు వల లాగే మత్స్యకారులను మరోసారి లాగమని అడగలేము. అయితే ఆ పని రేపు కూడా జరుగుతుంది. మొదటి రోజు వైడ్, మిడ్ షాట్లు మాత్రమే తీసి, ఇంటికి వచ్చి చూసుకుని, ఏ చేతులు, ఏ ముఖాలు, ఏ ముడులు దగ్గరగా కావాలో రాసుకోవాలి. రెండో రోజు అదే వేళకు వెళ్లి దగ్గరి షాట్లు తీయాలి. దగ్గరి షాట్లలో వెనుక సముద్రం ఎక్కువ కనిపించకుండా చూసుకుంటే, ఆ రోజు అలలు, మబ్బులు వేరుగా ఉన్నా ఇబ్బంది ఉండదు. ఎవరి ముఖాన్ని చూపిస్తున్నారో ఆ మనిషి రెండు రోజులూ ఒకే రంగు చొక్కా వేసుకునేలా ముందే మాట్లాడుకోవాలి.

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ వంటి జనసమ్మర్దంలో ఇది కుదరదు. అక్కడ ఒకే మనిషిని లేదా ఒకే కుటుంబాన్ని ఎంచుకుని, వారి అంగీకారంతో స్వర్ణాల చెరువు గట్టు చేరే క్షణం నుంచి రొట్టె మార్చుకునే వరకు వెంట నడవడం ఒక్కటే మార్గం. అప్పుడు కూడా కదులుతూనే వైడ్ ఒకటి, ఆగి చేతులు ఒకటి, ఆగి ముఖం ఒకటి అని మనసులో లెక్కపెట్టుకుంటూ తీయాలి. మొదటి దశలోని ఐదు షాట్ల సాధన ఇక్కడే అక్కరకు వస్తుంది.

పదో దశ: ఆ రాత్రి చేయవలసినవి

కార్డులోని ఫైళ్లను రెండు వేరువేరు డిస్కుల్లోకి కాపీ చేసి, రెండు చోట్లా తెరిచి చూశాకే కార్డు చెరపాలి. ఆ రెండు డిస్కులు ఒకే సంచిలో ప్రయాణించకూడదు. తరువాత, ఎంత అలసిపోయినా, ఆ రోజు తీసిన షాట్లను సహాయకుడి నోట్సు పక్కన పెట్టుకుని చూడాలి, ముఖ్యమైన సన్నివేశాన్ని ముతకగానైనా ఫోన్‌లోనే పేర్చి చూడాలి. మాస్టర్‌లో ఉన్న గరిటె క్లోజప్‌లో ఉన్నదే అనిపిస్తోందా, వ్యాపారి చూపు ఆవిడ కళ్లకే తగులుతోందా, కట్‌అవేలు సరిపోయాయా అన్నది అప్పుడే తేలుతుంది.

లోపించిన షాట్లను మరుసటి రోజు జాబితాలో మొదట రాసుకోవాలి. ప్రతి దాని పక్కనా అది ఏ రెండు షాట్ల మధ్య కూర్చోవాలో, వెలుతురు ఏ వైపు నుంచి పడాలో, ఆవిడ ఏ చీరలో ఉండాలో, గరిటె ఏ దశలో ఉండాలో రాయాలి. సగం తొలిచిన గరిటెలు ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయో ఆ రాత్రే ఆవిడకు ఫోన్ చేసి కనుక్కుని, లేకపోతే ఉదయం మనం వెళ్లేసరికి రెండు సిద్ధం చేసి ఉంచమని అడగాలి.